ఒంటరి పెద్దావిడ అనుమానాస్పద మృతి: సైకాలజిస్టు, సీఐ కలిసి విచారిస్తే నిజంగా ఎలా ఉంటుంది?

కొబ్బరితోట:
అందరికీ నమస్కారం అండీ. ఒక నవలిక రాస్తున్నా, సగం అయింది. ఇక్కడ పోలీసు డిపార్ట్‌మెంటులో చేసినవాళ్ళు, సైకాలజీ వాళ్ళు, డాక్టర్లు ఉన్నారు కదా అని అడుగుతున్నా.

కథ కోనసీమలో ఒక ఊరు. 76 ఏళ్ళ ఆవిడ, భర్త పోయి చాలా కాలమైంది, పెంకుటింట్లో ఒక్కతే ఉంటుంది. కొడుకు డాలస్‌లో, కూతురు కాకినాడలో. ఆవిడ పేరున ఎకరం కొబ్బరి తోట ఉంటే దాన్ని మరిది కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసిచ్చేసింది, అది జరిగి నాలుగు నెలలు. ఒకరోజు తెల్లారి పాలబ్బాయి వచ్చేసరికి పెరట్లో నూతి గట్టు పక్కన పడి ఉంది, తలకి దెబ్బ. మరిది కొడుకు "రాత్రి లేచి కాలు జారినట్టుంది, పెద్ద వయసు కదా" అంటాడు, ఊరంతా అదే మాట. కూతురు ఒక్కతే ఒప్పుకోదు. అక్కడినుంచి సీఐ, ఆయనకి తెలిసిన రాజమండ్రి సైకాలజిస్టు ఒకావిడ కలిసి కూపీ లాగుతారు.

నా సమస్య సైకాలజిస్టు పాత్ర. సినిమాల్లో లాగా ఎదుటివాడి కళ్ళలోకి చూసి "నువ్వు అబద్ధం చెప్తున్నావ్" అనే మనిషిని రాయడం నాకు ఇష్టం లేదు. నిజంగా అలాంటి కేసులో సైకాలజిస్టు ఏం చేస్తుంది, పోలీసులు అసలు రానిస్తారా, ఆవిడ చెప్పింది కోర్టులో చెల్లుతుందా? మా వైపు పెద్దవాళ్ళు పోతే వయసెంత అని అడుగుతారు, ఎనభై అనగానే తల ఊపేస్తారు, ఇంక రెండో ప్రశ్న ఉండదు. ఆ రెండో ప్రశ్న అడిగేవాళ్ళ కథ ఇది, అందుకే తప్పుల్లేకుండా రాయాలని ఉంది.

విశ్రాంత_సీఐ:
మంచి సబ్జెక్ట్ తీసుకున్నారు. ముందు పోలీసు పని వరకు చెప్తా.

మీ కథలో సీఐ మొదటి రోజే దిగడు. కూతురు స్టేషన్‌కి వచ్చి కంప్లైంట్ ఇస్తే ఎస్ఐ దాన్ని అనుమానాస్పద మృతిగా కడతాడు, ఇదివరకు సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 174 అనేవాళ్ళం, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ అనే చట్టంలో 194. ఎస్ఐ వెళ్ళి ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల్ని పంచాయతీదారులుగా పెట్టుకుని శవ పంచనామా రాసి, బాడీని పోస్టుమార్టానికి పంపి, రిపోర్టు 24 గంటల్లో పైకి పంపాలి. పోస్టుమార్టంలో ఇది దెబ్బ కొడితే వచ్చిందే అని డాక్టర్ తేలిస్తే అప్పుడు సెక్షన్ మారుస్తూ కోర్టుకి మెమో వేస్తారు, 194 కాస్తా బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 103 అవుతుంది, అంటే మర్డర్, అక్కడ సీఐ కేసు చేతిలోకి తీసుకుంటాడు. మీకు కావాలంటే ఆ మెమో వెయ్యడానికి ముందు ఉన్న రోజులే కథకి అసలు టెన్షన్, ఎందుకంటే అప్పటిదాకా ఎవరూ ముద్దాయి కాదు, ఎవర్నీ గట్టిగా అడగలేరు, పై నుంచి "ముసలామె కేసేగా క్లోజ్ చెయ్" అనే ఒత్తిడి ఉంటుంది.

ఇంకోటి చాలామంది రచయితలు రాసేది, పక్కింటి ఆడవాళ్ళని స్టేషన్‌కి పిలిపించడం. ఆడవాళ్ళని, 60 దాటిన మగవాళ్ళని సాక్షులుగా విచారించాలంటే వాళ్ళు ఉండే చోటికే పోలీసు వెళ్ళాలి, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 179 అదే చెప్తుంది. మీ కథలో సాక్షులందరూ పెద్దవాళ్ళే కాబట్టి మీ సీఐ అరుగులు ఎక్కి దిగాల్సిందే. వాళ్ళు చెప్పింది 180 కింద రాసుకుంటాడు, దానిమీద వాళ్ళ సంతకం తీసుకోకూడదు. నవలల్లో సంతకం పెట్టించేస్తుంటారు.

సైకాలజిస్టు మీద మాత్రం నాకు పెద్ద నమ్మకం లేదు, ఉన్నదున్నట్టు చెప్తున్నా. కోర్టులో నిలబడేది గాయం, రక్తం, కాల్ డేటా, రిజిస్ట్రార్ ఆఫీసు కాగితం. మనసు ఎలా ఉందో చెప్పి శిక్ష వేయించిన కేసు నా సర్వీసులో నేను చూడలేదు.

పీజీ_ఫోరెన్సిక్:
సీఐ గారు చెప్పినదానికి డాక్టరు వైపు నుంచి కలుపుతా, ఎందుకంటే మన ఊళ్ళల్లో ఇలాంటి కేసు చెడిపోయేది పోలీసు రాకముందే.

ఆవిడ కొడుకు డాలస్‌లో ఉన్నాడు అన్నారు. అంటే ఫ్రీజర్ బాక్స్ వచ్చేస్తుంది. బాడీని అందులో పెట్టాక మరణ సమయం అంచనా వేయడం చాలా కష్టం, చల్లదనానికి శరీరం బిగుసుకోవడం, ఆ తర్వాత మార్పులు అన్నీ నెమ్మదిస్తాయి. దానికి ముందే స్నానం చేయించి పసుపు రాసి చీర మార్చేస్తారు, గోళ్ళ కింద ఏమన్నా ఉన్నా, జుట్టులో నాచో మట్టో ఉన్నా పోతుంది. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చెయ్యరు, అది మన ఆచారం, కానీ సాక్ష్యం మొత్తం ఆ నీళ్ళతో కొట్టుకుపోతుంది. కాబట్టి ఫ్రీజర్ బాక్స్ తెప్పించింది ఎవరు, స్నానానికి తొందరపెట్టింది ఎవరు అన్నది మీ సీఐ అడగాల్సిన ప్రశ్న.

మిగిలేది రెండు. ఒకటి శవం మీద రక్తం దిగి ఏర్పడే ముదురు మచ్చలు, లివిడిటీ అంటాం, అది కొన్ని గంటలకి గట్టిపడిపోతుంది, తర్వాత బాడీని తిప్పినా చోటు మారదు. వెల్లకిలా పడి ఉంది అని అందరూ చెప్తున్నారు, మచ్చలేమో పొట్ట వైపు ఉన్నాయి, అంటే చనిపోయాక చాలాసేపటికి ఎవరో తిప్పారు. రెండోది మెదడు. మనిషి పడిపోతూ తల కొట్టుకుంటే మెదడుకి దెబ్బ తరచుగా ఎదురు వైపు కనిపిస్తుంది, వెనక తగిలితే ముందు భాగం నలుగుతుంది. కదలకుండా ఉన్న తలమీద ఎవరైనా కొడితే ఎక్కువగా తగిలిన చోటి కిందే ఉంటుంది. ఇది రాయి మీద గీసిన గీత కాదు, మిగతా వాటితో కలిపే చూస్తాం, కానీ మీ కథలో డాక్టరు నోటివెంట రావాల్సింది ఇదే.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది, మీరు న్యాయంగా రాయాలనుకుంటే. వయసు పైబడేకొద్దీ మెదడు కొంచెం కుంచించుకుపోయి దాని పైనున్న సన్నని రక్తనాళాలు సాగి ఉంటాయి, చిన్నగా తూలి పడ్డా అవి తెగి రక్తం నెమ్మదిగా చేరొచ్చు, రోజుల తర్వాత ప్రాణం మీదికి రావచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఇంకా ఎక్కువ. అనుమానంగా కనిపించేది నిజంగానే ప్రమాదం అయ్యే దారి కూడా పాఠకుడికి తెరిచి ఉంచండి. విసెరా, అంటే పోస్టుమార్టంలో తీసిన లోపలి అవయవాల ముక్కలు, ఎఫ్ఎస్ఎల్‌కి (ఫోరెన్సిక్ ల్యాబ్‌కి) పంపితే రిపోర్టు మర్నాడు రాదు, నెలలు పట్టొచ్చు. అనుమానాస్పద కేసు కాబట్టి మామూలుగా చీకటి పడ్డాక పోస్టుమార్టం చెయ్యరు, బాడీ రాత్రంతా మార్చురీలో ఉంటుంది. ఆ రాత్రి మార్చురీ బయట కూతురు, మరిది కొడుకు ఒకే బెంచీ మీద కూర్చునే సీను రాయచ్చు మీరు.

క్లినికల్_సైక్_హైద్:
సీఐ గారి మాటతో మొదలుపెడతా, ఎందుకంటే ఆయన అన్నది మా వాళ్ళు కూడా వినాలి. సైకాలజిస్టు ఎవరు చంపారో చెప్పదు. చెప్తే నమ్మకండి. మనిషి ముఖం చూసి అబద్ధం పట్టుకోవడంలో జనం సగటున 54 శాతం దగ్గర ఉంటారని 2006లో వచ్చిన పెద్ద సమీక్షలో తేలింది, అంటే బొమ్మా బొరుసూ కంటే కొంచెం నయం. శిక్షణ ఉన్నవాళ్ళు కూడా అందులో పెద్దగా మెరుగేం కాదు. కాబట్టి కొబ్బరితోట గారూ, కళ్ళలోకి చూసే సీను వద్దనుకోవడం చాలా సరైన నిర్ణయం.

మరి ఏం చేస్తుంది అంటే, ఆవిడ పని బతికున్న అనుమానితుల మీద కాదు, చనిపోయిన మనిషి మీద. దీన్ని సైకలాజికల్ అటాప్సీ అంటారు. 1950ల చివర్లో లాస్ ఏంజెలెస్ కరోనర్, అంటే అనుమానాస్పద మరణాల్ని విచారించే అధికారి, థియోడర్ కర్ఫీకి ఒక చిక్కు వచ్చింది, మత్తుమందులు ఎక్కువై చనిపోయినవాళ్ళు పొరపాటున పోయారా కావాలనే పోయారా అని శవాన్ని కోసి చెప్పలేకపోయారు. అప్పుడు ఎడ్విన్ ష్నైడ్‌మన్, నార్మన్ ఫార్‌బరో, రాబర్ట్ లిట్‌మన్ అనే ముగ్గుర్ని సాయం అడిగితే వాళ్ళు చనిపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళతో తిరిగినవాళ్ళతో మాట్లాడి, ఆఖరి రోజుల్ని మళ్ళీ పేర్చడం మొదలుపెట్టారు. 1962లో మార్లిన్ మన్రో చనిపోయినప్పుడు కూడా ఆ బృందాన్నే అడిగారు. సహజం, ప్రమాదం, ఆత్మహత్య, హత్య, ఈ నాలుగు గడుల్లో ఏది ఎంతవరకు కుదురుతుంది అన్నదే ప్రశ్న.

మన దేశంలో అందరికీ గుర్తుండేది 2018 జూలై 1 ఢిల్లీ బురాడీ. ఒకే ఇంట్లో 11 మంది. పది మంది ఉరికి వేలాడుతూ కనిపిస్తే ఇంటి పెద్దావిడ, 77 ఏళ్ళు, వేరే గదిలో నేలమీద ఉంది. అందుకే మొదట్లో అనుమానం ఎక్కువ ఆవిడ చుట్టూ తిరిగింది, ఆవిణ్ణి ఎవరో చంపి మిగతావాళ్ళు పోయారా అని. పోలీసులు మర్డర్ కేసే కట్టారు. ఇంట్లో ఏళ్ళ తరబడి రాసిన డైరీలు దొరికాయి, సీబీఐ కింద ఉండే సీఎఫ్ఎస్ఎల్ అనే ఫోరెన్సిక్ ల్యాబ్ వాళ్ళు ఆ డైరీలు, బంధువుల మాటలు పెట్టుకుని సైకలాజికల్ అటాప్సీ చేసి, ఇది ఆత్మహత్య కాదు, ఒక పూజా తంతు చేస్తూ జరిగిన ప్రమాదం అని చెప్పారు. చావాలన్న ఉద్దేశం వాళ్ళకి లేదు అన్న ముక్క ఏ పోస్టుమార్టం చెప్పగలదు? సీఐ గారూ, మా పని అక్కడ మొదలవుతుంది.

మీ కథలో సైకాలజిస్టు ఏం అడుగుతుందో చెప్తా, ఇక్కడ కొంచెం పొడుగవుతుంది. 76 ఏళ్ళ మనిషికి రోజు ఒక పద్ధతి ఉంటుంది, అది ఎక్కడ తప్పిందో వెతకాలి. రాత్రి ఎన్నింటికి పడుకుంటుంది, పళ్ళసెట్టు ఎప్పుడు తీసి గ్లాసులో వేస్తుంది, కళ్ళజోడు ఎక్కడ పెడుతుంది, చీకట్లో పెరట్లోకి వెళ్తుందా లేక గదిలోనే ఏర్పాటు ఉందా, టార్చి ఉందా. రాత్రి లేచి జారి పడ్డ మనిషి నోట్లో పళ్ళసెట్టు ఉంటే, గ్లాసు ఖాళీగా ఉంటే ఆవిడ ఇంకా పడుకోనే లేదేమో అని అనుమానించాలి. వారం రోజుల మాత్రల డబ్బా చూస్తుంది, ఏ గడి వరకు ఖాళీ అయింది. డాలస్ కొడుకు ఫోను రోజూ ఎన్నింటికి వస్తుంది, ఆ రోజు ఏం మాట్లాడింది, వాట్సాప్‌లో గొంతు రికార్డులు ఉంటే పది రోజుల కిందటివి, ఆఖరివి పక్కపక్కన వింటుంది. అంతకుముందు వారంలో ఆవిడ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడిందా, మనుషుల్ని గుర్తుపట్టకపోయిందా అని తప్పకుండా అడుగుతుంది, ఎందుకంటే ఆ వయసులో యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, బీపీ మందులతో ఒంట్లో సోడియం పడిపోయినా మనిషికి రెండు మూడు రోజుల్లో మతి తప్పుతుంది, రాత్రిళ్ళు లేచి తిరుగుతారు. అలా తేలితే మరిది కొడుకు చెప్పేదే నిజం కావచ్చు, దాన్ని సైకాలజిస్టు దాచకూడదు.

ఎవర్ని అడగాలి అన్నది కూడా ముఖ్యం. కుటుంబం వాళ్ళకి బాధ ఉంటుంది, తప్పు చేశామన్న భావన ఉంటుంది, ఆస్తి ఉంటుంది, వాళ్ళు చెప్పేది అందులోంచే వస్తుంది. బయటివాళ్ళు కావాలి. పాలబ్బాయి, పక్కింటావిడ, మందుల షాపు, ఆవిడకి పెన్షన్ వస్తుంటే ఒకటో తారీఖున ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకునే సచివాలయం ఉద్యోగి. ఆ ఉద్యోగి నెలనెలా ఆవిణ్ణి దగ్గరగా చూసే మనిషి, ఆవిడ దగ్గర దాచుకోవడానికి ఏమీ లేని మనిషి.

పక్కింటి పెద్దావిడతో మాట్లాడే పద్ధతి మీ సీఐకీ సైకాలజిస్టుకీ తేడా చూపించే చోటు. సీఐ "రాత్రి పదింటికి ఏమన్నా చప్పుడు విన్నావా" అంటాడు, ఆవిడ "ఆ, విన్నానయ్యా" అంటుంది, అది ఆయన పెట్టిన మాట. 1980లలో ఫిషర్, గైసెల్‌మన్ అని ఇద్దరు ఒక పద్ధతి తయారుచేశారు, కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు, అందులో ముందు ఆ రోజులోకి మనిషిని తీసుకెళ్ళాలి, ఏం వండుకున్నారు, కరెంటు ఉందా, టీవీలో ఏం వస్తోంది, తర్వాత అడ్డం రాకుండా చెప్పనివ్వాలి, ఎంతసేపైనా. పెద్దవాళ్ళు ఒక విషయం చెప్పడానికి నాలుగు చుట్లు తిరుగుతారు, ఆ చుట్లలోనే ఉంటుంది కావాల్సింది.

కొబ్బరితోట:
డాక్టర్ గారికి, మేడమ్‌కి, సీఐ గారికి చాలా చాలా థాంక్స్. పళ్ళసెట్టు, మాత్రల డబ్బా చదువుతుంటే నాకు ఆ ఇల్లు కళ్ళకి కట్టింది. రెండు సందేహాలు. మరిది కొడుక్కి నార్కో టెస్టు చేయిస్తారని రాశాను, అది నడుస్తుందా? తోట అప్పటికే వాడి పేరున అయిపోయింది కదా, మరి వాడికి చంపాల్సిన అవసరం ఏంటి అని నా ఫ్రెండ్ అడిగింది, నాకు జవాబు దొరకలేదు.

విశ్రాంత_సీఐ:
నార్కో తీసెయ్యండి. 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో మనిషి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చెయ్యకూడదని స్పష్టంగా చెప్పింది. ఒప్పుకుని చేయించుకున్నా అందులో చెప్పింది నేరుగా సాక్ష్యం కాదు, దాన్ని పట్టుకుని వెళ్తే ఏదన్నా వస్తువు దొరికితే అది పనికొస్తుంది.

రెండోదానికి మీ కథలోనే జవాబు ఉంది. పెద్దవాళ్ళు ఆస్తి రాసిచ్చినప్పుడు "నన్ను చూసుకోవాలి" అన్న షరతు ఉండి, తీసుకున్నవాడు చూడకపోతే, 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం సెక్షన్ 23 కింద ఆ డీడ్ రద్దు చేయించుకోవచ్చు, ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. ఆవిడ అర్జీ పెట్టింది అనుకోండి, లేదా పెట్టడానికి మీసేవకో సచివాలయానికో వెళ్ళి కాగితాలు అడిగింది అనుకోండి. నా సర్వీసులో పెద్దవాళ్ళ కేసుల్లో గొడవ మొదలయ్యేది రాసిచ్చిన రోజు కాదు, తిరిగి అడిగిన రోజు. గిఫ్ట్ డీడ్‌లో ఆ షరతు వాక్యం ఉందో లేదో మీ సీఐ మొదట చదవాలి.

మేడమ్ చెప్పిన మాత్రల డబ్బా నాకూ నచ్చింది, అది వస్తువు, పంచనామాలో రాయచ్చు, ఫొటో తియ్యచ్చు. అలాంటివి తెచ్చే సైకాలజిస్టు అయితే నా స్టేషన్‌లో కుర్చీ వేస్తా.

మాంచెస్టర్_నుంచి:
ఇంగ్లండ్‌లో డాక్టరుగా పనిచేస్తున్నా, ఈ చర్చ చదివి ఆగలేకపోయా. "వయసైపోయింది" అన్న మాట వెనక ఎంత దాక్కోవచ్చో ఇక్కడ మాకందరికీ చెప్పే కేసు ఒకటుంది, మాంచెస్టర్ పక్కన హైడ్ అనే ఊరు. 1998 జూన్ 24న కాథ్లీన్ గ్రండీ అనే 81 ఏళ్ళ ఆవిడ ఇంట్లో చనిపోయి కనిపించింది. ఒకప్పటి మేయరెస్, ఆ వయసులో కూడా పెద్దవాళ్ళ క్లబ్బులో తనే భోజనాలు వడ్డించే మనిషి, ఆ రోజు వడ్డనకి రాలేదనే వెతుక్కుంటూ వెళ్ళారు. ఫ్యామిలీ డాక్టరు హెరాల్డ్ షిప్‌మన్ కారణం వృద్ధాప్యం అని రాశాడు, ఖననం అయిపోయింది.

ఆవిడ కూతురు లాయరు. తల్లి విల్లు అని ఒక కాగితం వచ్చింది, అందులో ఆస్తి మొత్తం, దాదాపు 3 లక్షల 86 వేల పౌండ్లు, ఆ డాక్టరుకే. టైపు అంతా గజిబిజి, తల్లి అలాంటి కాగితం తయారుచేసే మనిషి కాదని కూతురికి తెలుసు. పోలీసుల దగ్గరికి వెళ్ళింది. ఆగస్టు 1న సమాధి తవ్వించారు, శరీరంలో మార్ఫిన్ బయటపడింది. ఆ డాక్టరు తెలివిగా ఆవిడ మత్తుమందులకి అలవాటు పడిందన్నట్టు కంప్యూటర్ రికార్డుల్లో పాత తేదీలతో రాసిపెట్టాడు, కానీ ఆ ఎంట్రీలు నిజంగా ఏ రోజు ఎక్కాయో కంప్యూటర్ హార్డ్ డిస్కు పట్టిచ్చింది. మేడమ్ చెప్పినదానికి ఇది సరిగ్గా అద్దినట్టు ఉంటుంది, హంతకుడు కూడా ఒక నకిలీ మనస్తత్వ చిత్రం తయారుచేశాడు, ఆవిడ నిజంగా ఎలా బతికిందో తెలిసినవాళ్ళు అది కుదరదన్నారు. 2000 జనవరి 31న 15 హత్యలకి శిక్ష పడింది, తర్వాత డేమ్ జానెట్ స్మిత్ ఎంక్వైరీ 215 మందిని చంపాడని తేల్చింది, ఎక్కువమంది పెద్దవయసు ఆడవాళ్ళే.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. 1998 మార్చిలోనే పక్క క్లినిక్ డాక్టరు ఒకావిడ ఆయన పేషెంట్లు ఇంతమంది ఎందుకు పోతున్నారని కరోనర్‌కి చెప్పింది, పోలీసులు పైపైన చూసి ఏప్రిల్‌లో ఆపేశారు, ఆ తర్వాతే గ్రండీ చనిపోయింది. ఎక్కువమందిని దహనం చేసేశారు కాబట్టి తవ్వి చూడ్డానికి కూడా ఏం లేదు. మనలో చాలామందికి దహనమే, కొబ్బరితోట గారూ, అందుకని మీ కథలో కూతురు కాకినాడ నుంచి ఆ ఊరు చేరడానికి పట్టే రెండు గంటలే అన్నిటికంటే విలువైనవి. ఇక్కడ 2024 సెప్టెంబర్ 9 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో కరోనర్ దగ్గరికి వెళ్ళని ప్రతి మరణాన్నీ, ఆ పేషెంటుతో సంబంధం లేని ఇంకో డాక్టరు, మెడికల్ ఎగ్జామినర్, చూడాలి, కుటుంబంతో మాట్లాడి "మీకేమన్నా అనుమానం ఉందా" అని అడగాలి. ఆ ప్రశ్న చట్టంలోకి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

క్లినికల్_సైక్_హైద్:
మాంచెస్టర్ సార్, రికార్డుల్లో రాసిన ఆవిడకీ నిజంగా బతికిన ఆవిడకీ పోలిక లేకపోవడం, అదే మా పని అంతా.

కొబ్బరితోట గారూ, కోర్టు సంగతి అడిగారు కదా. మీ పాత్రకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందని ఒక మాట రాయండి. ఆవిడ ఇచ్చేది అభిప్రాయం, బీఎస్ఏ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 39 కింద నిపుణుల అభిప్రాయంగా పెట్టాలని చూస్తారు, డిఫెన్స్ లాయరు దాన్ని గట్టిగా కొడతాడు, జడ్జి ఎంత విలువ ఇవ్వాలన్నది మిగతా సాక్ష్యాన్ని బట్టి. ఆవిడ ఒక్క రిపోర్టు మీద ఎవరికీ శిక్ష పడదు, పడకూడదు కూడా. ఆవిడ ఇంటికి వెళ్ళేటప్పుడు సీఐ రాతపూర్వకంగా అడిగినట్టు, మాట్లాడినవాళ్ళ ఒప్పుకోలు తీసుకున్నట్టు రాయండి, దొంగచాటుగా బంధువులా కూర్చుని మాటలు రాబట్టినట్టు రాయొద్దు, అది మా వృత్తిలో చెయ్యం. కూతురితో మాట్లాడేటప్పుడు మాత్రం తొందరపడనివ్వకండి. పరిశోధనల కోసం అయితే మామూలుగా కొన్ని వారాలు ఆగి వెళ్తాం, దినాలు కూడా కాని ఇంట్లో ప్రశ్నల కాగితం తియ్యడం తగదు.

విశ్రాంత_సీఐ:
దినాలు అయ్యేదాకా నేను ఆగలేను మేడమ్, అప్పటికి నూతి గట్టు కడిగేస్తారు, మాత్రల డబ్బా చెత్తలో ఉంటుంది. మీ రెండు పాత్రల మొదటి గొడవ ఇక్కడ పెట్టండి కొబ్బరితోట గారూ. క్లూస్ టీమ్‌తో పాటు మొదటి రోజే వచ్చి వస్తువులు చూసి వెళ్ళమంటాడు సీఐ, మనుషులతో తర్వాత మాట్లాడతానంటుంది ఆవిడ. పక్కింటి పెద్దావిడ దగ్గరికి మాత్రం మొదటి రోజే వెళ్ళాలి, రెండోరోజుకి ఊరు ఆవిడకి ఏం చెప్పాలో నేర్పేస్తుంది.